ఎడిటింగ్ పోటీల సైటు కొత్త రూపు: రూల్స్‌కి నిండు మార్కులు, పేజీకి సగమే

రాజమండ్రి, భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఆల్బమ్ డిజైనర్లు, ఫ్లెక్స్ షాపుల కుర్రాళ్లు, ఇంట్లో ఖాళీ దొరికితే ఫొటోషాప్ తెరిచేవాళ్లు కలిసి ఆడే ఫొటో ఎడిటింగ్ పోటీల సైటు ఈమధ్య రూల్స్ మార్చింది, పేజీలూ మార్చింది. రెండూ ఒకేసారి రావడంతో చాలామంది రెండిటినీ కలిపి తిట్టడమో, కలిపి మెచ్చుకోవడమో చేస్తున్నారు. వాటిని విడదీసి చూడాలి. రూల్స్ మార్పు చాలా మంచి పని, ఎప్పుడో జరగాల్సింది. పేజీ డిజైన్ మాత్రం ఆ రూల్స్ ఇచ్చిన మేలులో కొంత వెనక్కి లాక్కుంటోంది. కొత్తగా చేరేవాళ్లకీ, పాతవాళ్లకీ పనికొచ్చేలా ఎక్కడ ఏం మారిందో, ఎంట్రీ ఎక్కడ తిరిగొస్తుందో, ఎందుకు తిరిగొస్తుందో వివరంగా చెప్పుకుందాం.

అన్నిటికన్నా పెద్ద మార్పు మూలం ఫొటోల గురించి. ఇదివరకు గూగుల్‌లో వెతికి దొరికింది దొరికినట్టు వాడేసేవారు. ఇప్పుడు ఎంట్రీలో వాడిన ప్రతి ఫొటోకీ లింకు ఇవ్వాలి, లేదా అది మీరే తీసిందని చెప్పి అసలు ఫైలు జతచెయ్యాలి. ఆకాశం ఒకచోట నుంచి, పడవ ఒకచోట నుంచి, కొంగ ఇంకోచోట నుంచి తెస్తే మూడు లింకులు. బ్రష్‌లు, టెక్స్చర్లకి కూడా ఇదే లెక్క. లింకు ఇస్తే చాలదు, లైసెన్సు చూస్తారు. ఎక్కువ మంది తప్పుతున్నది ఇక్కడే. వికీమీడియా కామన్స్‌లో ఉన్నదంతా ఒకే లైసెన్సు కాదు. సీసీ (క్రియేటివ్ కామన్స్) లైసెన్సుల్లోనే రకాలున్నాయి. సీసీ జీరో అయితే ఎలాగైనా వాడుకోవచ్చు. సీసీ బై అయితే తీసినవాళ్ల పేరు రాయాలి. సీసీ బై ఎస్ఏ అయితే పేరు రాయడంతోపాటు మీ ఎంట్రీని కూడా అదే లైసెన్సు కింద వదలాలి. ఆ ఎంట్రీ తర్వాత కస్టమర్ ఫ్లెక్సులోకి వెళ్తే ఆ షరతు కూడా వెంట వెళ్తుంది, ముందే చూసుకోండి. ఎన్‌డీ అని ఉన్న ఫొటోలు కామన్స్‌లో ఉండవు గానీ వేరే ఫొటో సైట్లలో బోలెడు. ఎన్‌డీ అంటే మార్చి పంచకూడదని అర్థం, కాబట్టి ఎడిటింగ్ పోటీకి అసలు పనికిరాదు. ‘ఫ్రీ ఫొటోయే కదా’ అని వాడినవి తిరిగొస్తున్నాయంటే ముందు చూడాల్సింది ఈ ఎన్‌డీ ముక్కే.

పాత ఫొటోల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ధవళేశ్వరం ఆనకట్ట పాత ఫొటోలు, హేవ్‌లాక్ వంతెన పాత ఫొటోలు కనిపించగానే ‘పాతవే కదా, ఎవరిదీ కాదు’ అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టంలో ఫొటోకి రక్షణ ప్రచురించిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లుగా ఉండేది. 2012 సవరణతో అది తీసినవాళ్లు బతికున్నంత కాలం, వాళ్లు పోయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి ఇంకో 60 ఏళ్లు అయింది. గోదావరి మీద వందేళ్లు దాటిన హేవ్‌లాక్ రైలు వంతెన కట్టిన కొత్తలోనే అచ్చయిన ఫొటో అయితే ఇబ్బంది లేదు. అదే వంతెనని 1990ల్లో ఎవరో తీసి పత్రికలో వేయించిన ఫొటో అయితే రక్షణ ఇంకా నడుస్తూనే ఉంటుంది. వంతెన వయసుతో పనిలేదు, ఫొటో ఎవరు ఎప్పుడు తీశారో చూడాలి. సినిమా స్టిల్స్ పూర్తిగా నిషేధం. హీరో పుట్టినరోజు ఫ్లెక్సులు చేసి చెయ్యి తిరిగినవాళ్లకి ఇది కష్టంగానే ఉంటుంది, కానీ ఇది సరైన నిర్ణయం.

రెండో మార్పు రుజువు. ఎంట్రీతోపాటు లేయర్లున్న పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత ఫైలు) గానీ, పని సాగిన తీరు చూపించే నాలుగు స్క్రీన్‌షాట్లు గానీ ఇవ్వాలి. పీఎస్‌డీకి 50 ఎంబీ పరిమితి. ఆల్బమ్ పని చేసేవాళ్లకి ఇది తక్కువనిపిస్తుంది. పన్నెండు బై ముప్ఫై ఆరు షీటు 300 రిజల్యూషన్‌లో 10800 బై 3600 పిక్సెళ్లు కదా, అందులో నాలుగు లేయర్లు పెడితే ఫైలు వందల ఎంబీలు దాటిపోతుంది. పోటీకి పొడవు వైపు 2000 పిక్సెళ్లే అడుగుతున్నారు కాబట్టి మొదటి నుంచీ ఆ సైజు కాన్వాస్‌లో పని మొదలుపెట్టడం తెలివైన పని. ముందే పెద్ద సైజులో చేసేసి ఉంటే ఒక కాపీ తీసి తగ్గించండి, అసలు దాన్ని ముట్టుకోవద్దు. తగ్గించాక కూడా బరువు దిగకపోతే రెండు కారణాలు వెతకాలి. ఒకటి, కాన్వాస్ బయటికి పొడుచుకొచ్చిన లేయర్లు. కంటికి కనపడకపోయినా ఆ పిక్సెళ్లన్నీ ఫైలులో ఉంటాయి. మొత్తం సెలెక్ట్ చేసి ఇమేజ్ మెనూలో క్రాప్ కొడితే అవి పోతాయి. రెండు, స్మార్ట్ ఆబ్జెక్టులు. వాటి లోపల అసలు ఫొటో పూర్తి సైజులో దాగి ఉంటుంది. పని అయిపోయినవాటిని రాస్టరైజ్ చేసేయండి, అంటే మామూలు పిక్సెళ్ల లేయరుగా మార్చేయండి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఫైలు తగ్గుతుందని సేవ్ చేసేటప్పుడు ‘మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ టిక్కు తీసేసేవాళ్లు ఉంటారు. నిజంగానే ఫైలు తగ్గుతుంది, కానీ అన్ని లేయర్లూ కలిసిన బొమ్మ ఫైలులో లేకుండా పోతుంది. అప్పుడు ఫొటోషాప్ కాని చోట్ల బొమ్మకి బదులు తెల్ల కాగితం, దాని మీద ‘ఈ ఫైలు కాంపోజిట్ ఇమేజ్ లేకుండా సేవ్ అయింది’ అన్న ఇంగ్లీషు ముక్క కనిపిస్తాయి. సైటు ఆ ఫైలుని రుజువు కింద లెక్కపెట్టడంలేదు. టిక్కు ఉంచండి, బరువు వేరే దారిలో తగ్గించుకోండి.

ఫొటోషాప్ లేనివాళ్లు ఫొటోపీ వాడొచ్చు. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పీఎస్‌డీ తెరుస్తుంది, పీఎస్‌డీగానే సేవ్ చేస్తుంది, ఫైలు మన కంప్యూటర్ దాటి బయటికి వెళ్లదు. ఉచితంగా దొరికే జింప్‌లో చేసేవాళ్లు పీఎస్‌డీకి ఎగుమతి చేశాక ఒకసారి ఫొటోపీలో తెరిచి మాస్కులన్నీ ఉన్నాయో లేదో చూసుకుని పంపడం మంచిది.

మూడోది ఏఐ రూలు. దీని మీదే ఎక్కువ గొడవ. మామూలు పోటీల్లో కొత్తగా బొమ్మ పుట్టించే పనిముట్లు కూడదు, వాటికి వేరే విభాగం పెట్టారు. గీత ఎక్కడ గీశారన్నది చాలామందికి అర్థంకావడంలేదు గానీ, గీసిన చోటు సరిగ్గానే ఉంది. 2010లో ఫొటోషాప్ సీఎస్5తో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ వాడొచ్చు. అది ఆ ఫొటోలో ఉన్న పిక్సెళ్లనే తెచ్చి పూడుస్తుంది. సెలెక్ట్ సబ్జెక్ట్ వాడొచ్చు. అందులో మెషిన్ లెర్నింగ్ ఉన్నా అది సెలెక్షన్ మాత్రమే ఇస్తుంది, బొమ్మని పుట్టించదు. 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ కూడదు, ఎందుకంటే ఫొటోలో లేనిదాన్ని అది కొత్తగా గీస్తుంది. తెలియక దొరికిపోయేది రిమూవ్ టూల్ దగ్గర. కొత్త ఫొటోషాప్‌లలో దానికి మోడ్ ఒకటుంది. ‘ఆటో’లో వదిలేస్తే అవసరమనుకున్న చోట అదే జెనరేటివ్‌కి వెళ్లిపోతుంది. కరెంటు తీగ ఒకటి తీసేద్దామని గీసిన గీత ఎంట్రీని రద్దు చేయించొచ్చు. పైన ఆప్షన్ల పట్టీలో జెనరేటివ్ ఏఐ ఆఫ్ అని పెట్టుకుని పని మొదలుపెట్టండి. చిన్న తీగలకీ, స్తంభాలకీ హీలింగ్ బ్రష్, క్లోన్ స్టాంప్ ఎటూ చాలు. పీఎస్‌డీ అడగడం వల్ల ఈ రూలు కూడా కాగితానికే పరిమితం కాకుండా నిలబడుతోంది. జెనరేటివ్ ఫిల్ కొడితే లేయర్ల ప్యానెల్లో దాని సొంత లేయరు, గుర్తుతో సహా కనిపిస్తుంది. దాన్ని కలిపేసి దాస్తే ఆ ముక్క మూలం ఎక్కడిదో చూపించలేరు.

ఓటింగ్‌కి వద్దాం. డెల్టాలో ఈ రంగంలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. ఒకే ల్యాబుకి ప్రింటుకి పంపేవాళ్లు, ఒకే వాట్సాప్ గ్రూపులో ఉండేవాళ్లు. ‘మనోడిది, పది వెయ్యండి’ అనే మెసేజీలతో పాత పోటీలు పాడయ్యాయి. ఇప్పుడు ఓటింగ్ ముగిసేదాకా పేర్లు కనిపించవు. మంచిదే, కానీ పేరు వేరే దారుల్లో బయటపడుతోంది. ఫైలు పేరులో స్టూడియో పేరు ఉంటుంది. ఫైలు లోపల దాగి ఉండే వివరాల్లో, అంటే మెటాడేటాలో, కెమెరా యజమాని పేరు ఉంటుంది. మూలకి వాటర్‌మార్కు అలవాటుగా పడిపోతుంది. సైటు వాటర్‌మార్కుని వెనక్కి పంపుతోంది గానీ ఫైలు పేరు, మెటాడేటా అలాగే వదిలేస్తోంది. ఇది సైటు సరిచెయ్యాల్సిన లోపం. అంతవరకు సేవ్ ఫర్ వెబ్‌లో మెటాడేటా దగ్గర ‘నన్’ పెట్టి, ఫైలుకి అంకెలతో పేరు పెట్టి పంపండి.

మార్కుల లెక్క కూడా మారింది. ఇదివరకు ఒకటి నుంచి పది వరకు వేసిన ఓట్లకి నేరుగా సగటు. తొమ్మిది మంది ఎనిమిదేసి వేసి, ఒక్కరు కావాలని ఒకటి వేస్తే 7.3కి పడిపోయేది. పోటీలో ఆ తేడాతో మొదటి స్థానం పోతుంది. ఇప్పుడు పైన పది శాతం, కింద పది శాతం ఓట్లు తీసేసి మిగిలినవాటికి సగటు కడుతున్నారు. అదే పది ఓట్ల లెక్కలో ఆ ఒకటీ, ఒక ఎనిమిదీ పోయి సరిగ్గా 8 వస్తుంది. అయితే ఇది ఒంటరి కుట్రకే మందు. ఇరవై ఓట్లలో ముగ్గురు కూడబలుక్కుని ఒకట్లు వేస్తే రెండు పోయి ఒకటి మిగులుతుంది, మిగతా అందరూ ఎనిమిది వేసినా సగటు 7.56 దగ్గర ఆగుతుంది. పది ఓట్లలోపు వచ్చిన పోటీల్లో అయితే ఒక్క ఓటు కూడా తీసెయ్యరు. కనీసం ఇన్ని ఓట్లు పడితేనే ఫలితం అన్న నిబంధన కూడా పెట్టాలి. మీ ఎంట్రీ లెక్కలోకి రావాలంటే మీరు మిగతావాటిలో సగానికైనా ఓటు వెయ్యాలన్న కొత్త షరతు వల్ల ఓట్ల సంఖ్య పెరుగుతుంది, అది మేలే. రెడిట్‌లోని ఫొటోషాప్ బ్యాటిల్స్ లాంటి చోట్ల అప్‌వోటే కొలత కావడంతో ముందు పెట్టినవాళ్ల బొమ్మలు పైకి వెళ్తాయి. ఇక్కడ వరుస ప్రతిసారీ తారుమారు చేసి చూపిస్తారు, ఆ విషయంలో మన సైటే మెరుగు.

ఇంత జాగ్రత్తగా రాసిన రూల్స్‌కి పేజీ ఎందుకు అడ్డం పడుతోందో చెప్పాలి. పోటీ పేజీ తెరవగానే అన్ని ఎంట్రీలూ చతురస్రం ముక్కల్లో, మధ్యకి కోసి కనిపిస్తాయి. పదహారు బై తొమ్మిది బొమ్మలో అలా కనిపించేది 56 శాతం. రెండు బై ఒకటి అయితే సగమే. మన దగ్గర ఫొటోలు అడ్డంగా సాగినవే ఎక్కువ. గోదావరి మీద ఆర్చి వంతెన, బ్యారేజీ తలుపులు, అంతర్వేది దగ్గర సాగరసంగమం, ఇవేవీ చతురస్రంలో ఇమడవు. ఎడమ అంచున చేసిన అసలు పని కనపడకుండానే ఓటు పడిపోతోంది, ఎందుకంటే ఆ ముక్క మీదే ఓటు వేసే గడి కూడా పెట్టారు. పెద్దది చెయ్యకుండానే ఓటు వెయ్యనివ్వడం ఈ డిజైన్‌లో అన్నిటికన్నా పెద్ద తప్పు. ఎడిటింగ్ అంటే అంచుల పని. అంచులు కనపడని సైజులో దానికి మార్కులు వెయ్యలేం.

ఒక ఉదాహరణ చూద్దాం. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం అంశంగా పోటీ పెట్టారనుకోండి. ప్రభని, అంటే దేవుడి కోసం అలంకరించి ఊరేగించే పెద్ద చట్రాన్ని, కటింగ్ చేసి వేరే ఆకాశం మీద పెట్టాలి. వెదురు చట్రం, రంగు బట్టలు, ఊలు కుచ్చులు, వెనకాల కొబ్బరాకులు. పెన్ టూల్‌తో చట్రం వస్తుంది, కొబ్బరాకు రాదు. దానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వివరం విడివిడిగా ఉండే ఛానెళ్లలోకి వెళ్లాలి. పగటి ఆకాశం నీలిగా గానీ తెల్లగా గానీ ఉంటే బ్లూ ఛానెల్‌లో ఆకాశం తెల్లగా, ఆకు నల్లగా విడిపోతుంది. ఆ ఛానెల్‌ని కాపీ చేసి లెవెల్స్‌తో రెండు చివరలూ లోపలికి జరిపి, మాస్కుగా వాడుకోవాలి. సాయంత్రం ఎర్రటి ఆకాశం అయితే బ్లూ ఛానెల్ పనికిరాదు, అందులో ఆకాశమే చీకటిగా ఉంటుంది. అప్పుడు రెడ్ ఛానెల్ తీసుకోవాలి. ఈ పని బాగా చేసినవాళ్లకీ, ఆకుల మధ్య పాత ఆకాశం నీలి ముక్కలు వదిలేసినవాళ్లకీ తేడా నిండు సైజులో స్పష్టంగా తెలుస్తుంది. చిన్న చతురస్రంలో ఇద్దరివీ ఒకేలా ఉంటాయి.

నీడల సంగతీ ఇంతే. ప్రభని భుజాల మీద ఎత్తుకుని కౌశిక కాలవలో దిగి దాటించే దృశ్యంలో చాలామంది బొమ్మని తలకిందులు చేసి ప్రతిబింబం అని కింద అతికిస్తారు. మనుషులు నడుస్తూ కలిచేసిన నీళ్లలో అంత నిఖార్సయిన ప్రతిబింబం ఉండదు. మనుషుల దగ్గర ముక్కలైపోయి, దూరం వెళ్లేకొద్దీ కాస్త కుదురుకుంటుంది. వంతెనకైతే తలకిందులు చేసినంత మాత్రాన సరిపోదు, నీళ్లలో దాని అడుగుభాగం కనపడాలి. ఇంకోటి, శ్రావణంలో ఎర్రనీళ్లు వచ్చిన గోదావరి మీద ప్రతిబింబం పలచబడి, పడవ నీడ నీటి పైన నేరుగా కనపడుతుంది. తేటనీళ్ల మీద అలా నీడ పడదు. ఇది గమనించి చేసినవాళ్లకి రెండు మార్కులు ఎక్కువ రావాలి. గమనించే వీలు పేజీ ఇవ్వాలి.

నిండు సైజు చూసినా అది మనం పంపిన ఫైలు కాదు. సైటు దాన్ని మళ్లీ కుదించి వెబ్‌పీ అనే ఫార్మాట్‌లో చూపిస్తోంది. ఆ పద్ధతిలో వెలుగు వివరం పూర్తిగా ఉంటుంది గానీ రంగు వివరం నాలుగు పిక్సెళ్లకి ఒకటి చొప్పున మిగులుతుంది. ఎర్రచీర అంచు, ప్రభ మీద ఎరుపు పసుపు బట్టలు కలిసే గీత అలుక్కుపోయినట్టు కనిపించేది అందుకే. ఫొటోషాప్‌లో జేపీజీ క్వాలిటీ 7కి పైన సేవ్ చేస్తే రంగు వివరం పూర్తిగా ఉంటుంది, మనం 10లో పంపినా సైటు దగ్గర ఆ కష్టం పోతుంది. అసలు ఫైలు చూడాలంటే మూడు చుక్కల మెనూలోకి వెళ్లి వెతకాలి. ఆ లింకుని బొమ్మ కిందకి తెస్తే సగం ఫిర్యాదులు తీరిపోతాయి. అంచు అలుక్కుపోయిందని మార్కులు తగ్గించేముందు ఆ మెనూ ఒకసారి తెరిచి చూడండి.

రంగుల దగ్గర ఫ్లెక్స్ షాపువాళ్లకి ఇంకో దెబ్బ ఉంది. వాళ్ల ఫైళ్లు ప్రింటుకి వాడే సీఎంవైకే రంగుల్లో ఉంటాయి. సైటు తెరకి వాడే ఎస్ఆర్‌జీబీ తప్ప ఇంకోటి తీసుకోదు. ఎడిట్ మెనూలో కన్వర్ట్ టు ప్రొఫైల్ కొట్టాలి. దాని పైనే ఉండే అసైన్ ప్రొఫైల్ కొట్టకూడదు, అది అంకెలు మార్చకుండా చీటీ ఒక్కటే మారుస్తుంది, రంగులు తప్పుతాయి. సైజు పరిమితి 2 ఎంబీ. కొబ్బరితోటలు, వరిచేలు ఉన్న ఫొటోల్లో సన్న వివరం ఎక్కువ కాబట్టి జేపీజీ బరువెక్కుతుంది. క్వాలిటీ 12 నుంచి 10కి దించినా కంటికి తేడా తెలియదు. అప్పటికీ ఎక్కువైతే చివర్లో వేసిన షార్పెన్ తగ్గించండి, ఆకుల మీద అదే ఎక్కువ బరువు పెడుతుంది.

వెనకరంగు తెలుపు నుంచి నల్లబూడిదకి మార్చడం ఇష్టాయిష్టాల సంగతి అనుకుంటారు, కాదు. చుట్టూ చీకటి ఉంటే బొమ్మ కంటికి ఉన్నదానికన్నా వెలుగ్గా కనిపిస్తుంది. అందుకే ఓటింగ్ పేజీలో బాగున్న బొమ్మ ప్రింటులో మసకగా వస్తుంది. ఎడిటింగ్ చేసేటప్పుడే ఒకసారి తెల్ల కాన్వాస్ మీద, ఒకసారి నల్లదాని మీద పెట్టి చూసుకుంటే మధ్యస్థంగా కుదురుతుంది.

మెచ్చుకోవాల్సిన భాగం ముందు-తర్వాత స్లైడర్. వేలితో జరిపితే మూలం ఫొటో, ఎంట్రీ ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి దీనికి మించిన పాఠం లేదు. అయితే రెండిటి పిక్సెళ్ల కొలత ఒకటే కావాలి. మధ్యలో క్రాప్ చేస్తే స్లైడర్ తప్పుతుంది, అంతా పక్కకి జరిగినట్టు కనిపించి పని చెడ్డగా అనిపిస్తుంది. క్రాప్ తప్పనిసరైతే మూలం ఫొటోని కూడా అదే కొలతకి కోసి పెట్టండి.

తెలుగు శీర్షికల దగ్గర నిర్లక్ష్యం కనిపిస్తోంది. గడి ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపడా పెట్టారు, కింద వత్తులు తెగిపోతున్నాయి. ‘ప్రభల తీర్థం’ పోటీలో ‘తీర్థం’ కాస్తా ఫోన్‌లో ‘తీరం’ అయి కూర్చుంటుంది. వరుస ఎత్తు కొంచెం పెంచితే తీరిపోయే సమస్య ఇది. అను ఫాంట్లలో టైపు చేసి అతికిస్తే మాత్రం తప్పు మనదే, అవి యూనికోడ్ కావు కాబట్టి గజిబిజిగా వస్తాయి. బొమ్మ లోపల తెలుగు రాస్తున్నప్పుడు ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతే టెక్స్ట్‌కి వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చెయ్యండి.

గడువు ఆదివారం రాత్రి తొమ్మిది. మాఘం, ఫాల్గుణం ముహూర్తాల్లో స్టూడియోవాళ్లకి ఆదివారం దొరకదు. ఆషాఢంలో అందరూ ఖాళీ. పెద్ద పోటీలు ఆషాఢానికి జరిపితే ఎంట్రీలు వాటంతటవే పెరుగుతాయి.

చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. మూలం లింకులు, పీఎస్‌డీ రుజువు అనే రెండు అలవాట్ల కోసమైనా ఆల్బమ్ పని నేర్చుకుంటున్న పిల్లల్ని ఇందులో చేర్పించొచ్చు, పదిలో ఎనిమిది ఇవ్వదగ్గ సేవ. పేజీ వరకే అయితే ఐదు. ఎంట్రీ పంపేటప్పుడు ఒకటి చూసుకోండి. ఓటింగ్ మొదలయ్యాక ఫైలు మార్చనివ్వరు, వెనక్కి తీసుకోవడం మాత్రమే కుదురుతుంది. మూలం మీద అభ్యంతరం వస్తే జవాబు చెప్పడానికి 48 గంటలు ఇస్తారు. ఆ మెయిలు స్పామ్‌లోకి వెళ్తున్నట్టు చాలామంది చెప్తున్నారు, పోటీ నడుస్తున్నన్నాళ్లూ ఆ ఫోల్డరు కూడా తెరిచి చూస్తూ ఉండండి.